వకీలమ్మ మొదటి సెమిస్టర్

కల్పన లా కాలేజీలో చేరి మూడు నెలలు నిండలేదు, మానేస్తానని అప్పటికే నాలుగుసార్లు అంది. మొదటి రెండుసార్లు మొగుడు తిరుపతి కంగారుపడ్డాడు. మూడోసారి "సరే తీ" అన్నాడు. నాలుగోసారి టీవీ చప్పుడు కొంచెం పెంచాడు. ఐదోసారి ఆమె నోటితో అనలేదు, కాగితం తీసి రాసింది. ఆ కాగితం దాకా రావడానికి ఎవరెవరు ఆమె ప్రాణం తోడేశారో చెప్పకుండా ఆ కాగితం సంగతి చెబితే న్యాయం కాదు.

కల్పనకు నలభై రెండేళ్లు. పుట్టింది పాత నాచారంలో. ఇప్పుడు ఫ్యాక్టరీ షెడ్లున్న చోట వాళ్ల తాత జొన్న వేసేవాడు. తండ్రి కాలం వచ్చేసరికి పొలం పోయి ఊరి నడుమ పాత ఇల్లు, దాని వెనక కొంత ఖాళీ జాగా మిగిలాయి. తండ్రి పోయాడు. ఆ ఇంట్లో ఇప్పుడు తల్లి కృష్ణమ్మ, తమ్ముడు భూపాల్, వాడి పెళ్లాం పిల్లలు ఉంటారు. కల్పనను సిద్దిపేట వైపు నుంచి వచ్చి నాచారంలో ఫిట్టర్‌గా కుదిరిన తిరుపతికి ఇచ్చారు. కాపురం చిల్కానగర్‌లో, కిరాయి ఇంట్లో, రెండో అంతస్తు.

పదిహేడేళ్లుగా ఆమె పనిచేసేది ఉప్పల్‌లో, చిదంబరం అనే డాక్యుమెంట్ రైటర్ దగ్గర. షాపంటే ఒక షట్టరు, రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషను, బయట పార్టీలు కూర్చునే బెంచీ. ఇల్లు అమ్మాలన్నా, కొనాలన్నా, కొడుకుకు రాసియ్యాలన్నా, అన్నదమ్ములు పంచుకోవాలన్నా జనం ముందు ఆ బెంచీ మీద కూర్చుంటారు, కాగితం తయారయ్యాకే రిజిస్ట్రేషన్ ఆఫీసులోకి పోతారు. కొత్తలో చిదంబరం చెబుతుంటే కల్పన టైపు చేసేది. నాలుగేళ్లు గడిచేసరికి ఆయన చెప్పడం మానేసి టీ తాగడం మొదలుపెట్టాడు. తూర్పున ఇరవై అడుగుల రోడ్డు, పడమర ఫలానా వారి ప్రహరీ అని ఆమె హద్దులు రాస్తే ఇక ఎవరూ తిరిగి చూసుకునే పని లేదు. అంత చేసినా చివరి పేజీ అడుగున, రాసినవారు అన్నచోట పడేది చిదంబరం సంతకం.

ఒకనాడు ఒక కుర్ర వకీలు వచ్చాడు. మీసం కూడా సరిగా రాలేదు. ఆమె పొద్దుటి నుంచి కూర్చుని రాసిన డాక్యుమెంటును నిలబడే తిరగేసి, జేబులోంచి రబ్బరు స్టాంపు తీసి, అడుగున తన పేరు గుద్దుకుని పోయాడు. కల్పన చిదంబరం వంక చూసింది.

"ఆయన వకీలమ్మా. ఆయనకు పవరుంటది" అన్నాడు చిదంబరం, బిస్కెట్ టీలో ముంచుతూ.

ఆ రోజు ఆమెకు ఒళ్లు మండింది. ఆ మంట తగ్గలేదు. ఓపెన్ యూనివర్సిటీలో ఆదివారాలు కూర్చుని ఎప్పుడో గట్టెక్కించిన డిగ్రీ ఉండనే ఉంది. ఎంట్రన్స్ రాసింది, సీటొచ్చింది, చేరింది. పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా కాలేజీ, ఆ తర్వాత షాపు. తాను రాసిన కాగితం కింద తన పేరు పడాలి, అంతే. ఇంకో కారణం లేదు. ఈ ముక్క తర్వాత ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు. ఒక్కరు నమ్మితే ఒట్టు.

కాలేజీ సంగతి మొదటి వారంలోనే అర్థమైంది. చెప్పేదంతా ఇంగ్లీషు. రాసుకునేదీ ఇంగ్లీషు. పక్క బెంచీల పిల్లలు ఆంటీ అని పిలుస్తారు, నోట్సు అడిగితే ఫోన్లో పంపుతామంటారు, పంపరు. ఏదో దేశంలో ఎవరో ఆడమనిషి కూల్‌డ్రింక్ తాగుతుంటే సీసాలోంచి నత్త వచ్చిందట. ఆ నత్త మీద రెండు వారాలు పాఠం నడిచింది. ఆ నత్త ఎవరి తప్పు వల్ల వచ్చిందో, నష్టం ఎవరు కట్టాలో కల్పనకు రాత్రిళ్లు డిక్షనరీ ముందేసుకుని కూర్చుంటే తప్ప తలకెక్కలేదు. మధ్యాహ్నం షాపుకు పోతే అక్కడ పార్టీలు, జిరాక్సులు, సర్వర్ డౌన్. సాయంత్రం ఇంటికి పోతే గిన్నెలు. ఆ నత్తను తలుచుకుంటేనే ఆమెకు అసహ్యం పుట్టేది.

సరే, కాంట్రాక్టు చట్టం ఉంది కదా, అందులోనైనా గెలుస్తానని ఆశ పెట్టుకుంది. ఇల్లు అమ్మడం, కొనడం, ఒప్పందం. ఇది మన పనే. ఆ పాఠం చెప్పే గౌతమి మేడంకు ఇరవై ఏడేళ్లుంటాయి. డిసెంబరులో ఒక పరీక్ష పెట్టింది. ప్రశ్న ఏమిటంటే, ఏ అనే ఆయన తన ఇల్లు బి అనే అబ్బాయికి అమ్ముతానని ఒప్పుకున్నాడు, బి వయసు పదిహేడేళ్లు, తర్వాత ఏ మాట తప్పాడు, చర్చించండి.

కల్పన కళ్లు మెరిశాయి. తల దించి రాయడం మొదలుపెట్టింది. నాలుగు పేజీలు. అమ్మకపు ఒప్పంద పత్రం, తేదీ, మొదటి పార్టీ ఏ, తండ్రి పేరు దగ్గర చుక్కలు. రెండో పార్టీ బి, మైనర్ అయినందున సహజ సంరక్షకురాలైన తల్లి ద్వారా. బయానా, గడువు, షరతులు. ఇంటికి నాలుగు వైపులా హద్దులు తెలియవు కాబట్టి అక్కడ కూడా చుక్కలు. అడుగున ఇద్దరు సాక్షులకు గీతలు గీసి, ఒకసారి చదువుకుని, తృప్తిగా ఇచ్చి వచ్చింది. తర్వాతి వారం ఇరవైకి రెండు మార్కులు వచ్చాయి.

క్లాసు అయ్యాక గౌతమి మేడం పిలిచింది. "కల్పన గారూ, చాలా చక్కగా రాశారు. నాకు కూడా ఇంత బాగా రాదు. కానీ నేను అడిగింది ఇది కాదు."

"ఇల్లమ్మడమే గదా మేడం?"

"అమ్మమని అడగలేదండీ. పదిహేడేళ్ల పిల్లాడితో చేసుకున్న ఒప్పందం చెల్లుతుందా అని అడిగాను. మీరేమో చెల్లేటట్టు చేసి పెట్టారు."

"మరి చెల్లకపోతే పార్టీ ఊకుంటడా మేడం?"

వెనక పిల్లలు నవ్వారు. మేడం కూడా నవ్వు ఆపుకుంది. కల్పనకు తల కొట్టేసినట్టయింది. షాపులో చెల్లుతుందా అని ఎవరూ అడగరు. పార్టీ బెంచీ మీద కూర్చున్నాక పని కావాలి, కాలేదా, పక్క షాపుకు పోతాడు. పదిహేడేళ్లు కష్టపడి నేర్చుకున్నదే ఇక్కడ అడ్డం వస్తుంటే, రాని ఇంగ్లీషు సంగతి దేవుడెరుగు. ఆ సాయంత్రం మానేస్తానని రెండోసారి అంది.

మొదటిసారి అనడానికి కారణం తిరుపతి. ఆమె చేరిన రెండో వారంలోనే మురిసిపోయి, రింగురోడ్డు దగ్గర స్టిక్కర్లు వేసేవాడి దగ్గర వకీళ్లు మెడకు కట్టుకునే తెల్ల పట్టీ బొమ్మ కొని, స్కూటీ ముందు అంటించాడు.

"ఇదేంది?" అంది కల్పన.

"చేరినవ్ గదా. పోలీసోళ్లు ఆపరు."

"చేరితే వకీలైతరా? దవాఖానల చేరితే డాక్టరైతరా?"

కత్తి పెట్టి గీకింది. సగం ఊడింది, సగం ఊడలేదు. ఆ మిగిలిన సగాన్ని కింది వాటాలో ఉండే హనుమాండ్లు చూశాడు. అతను ఫ్యాక్టరీలో వాచ్‌మన్ పని చేసి రిటైరైన మనిషి. పక్కింటివాళ్ల మోరీ నీళ్లు తన గోడకు తగులుతున్నాయని ఆరేళ్లుగా కొట్లాడుతున్నాడు. ఆ మర్నాడు పొద్దున్నే మెట్ల దగ్గర కాపు కాశాడు.

"బిడ్డా, ఆనికి ఒక నోటీసు గుంజు."

"మామా, నాది ఇంకా మొదటి సెమిస్టరే."

"నోటీసుకు సెమిస్టరెందుకే? గట్టిగ ఒక ముక్క రాస్తే సాలు."

"నేను రాస్తే చెల్లదు మామా."

"చెల్లకపోతే ఏంది, ఆనికి తెల్వదు గదా."

ఆమె రాయలేదు. రాయకపోయినా ఏమి లాభం? "మా మీద అంతస్తుల వకీలున్నది, సూస్కో" అని పక్కింటివాళ్లను బెదిరించాడు. పదకొండేళ్లుగా కరివేపాకు, కొత్తిమీర ఇచ్చిపుచ్చుకున్న పక్కింటి సరిత ఆ రోజు నుంచి ఆమెను చూసి మొహం తిప్పుకుంది. కాలనీలో వకీలమ్మ అన్న పేరు స్థిరపడింది. కూరగాయల బండి దగ్గర కూడా "వకీలమ్మా, నా పెన్షన్ ఎందుకు ఆగింది" అని అడిగేవాళ్లు. తెలియదంటే, చెప్పడం ఇష్టంలేక అట్లా అంటోందని అనుకునేవాళ్లు. ఇంత గౌరవంతో ఇంత తిట్టు పడిన మనిషి చిల్కానగర్‌లో ఇంకొకరు లేరు.

ఇవన్నీ ఆమె ఓర్చుకునేదే. ఓర్చుకోలేనిది పుట్టింటి నుంచి వచ్చింది.

పాత నాచారం ఇల్లు పడగొట్టి ఐదంతస్తులు వేస్తానని ఒక బిల్డరు భూపాల్ దగ్గరికి వచ్చాడు. మాటలయ్యాయి, ప్లాను కూడా గీశారు. చివర్లో బిల్డరు తరపు వకీలు అడిగాడు, మీ అక్క సంతకమేది అని. భూపాల్ నెత్తిన పిడుగు పడింది. అక్కేమో నవంబరులోనే లా కాలేజీలో చేరింది. ఈ రెంటినీ కలిపి వాడు ఒక కథ అల్లుకున్నాడు. వాస్తవానికి బిల్డరు వచ్చిందే ఆమె సీటొచ్చాక. తేదీలు చెప్పినా వాడు వినలేదు.

"ఈ వయసుల నీకు లా ఎందుకక్కా?" అన్నాడు ఫోన్లో. కల్పన రబ్బరు స్టాంపు కథ చెప్పింది.

"ఒక స్టాంపు కోసం మూడేండ్లు సదువుతరా ఎవరన్న?" అన్నాడు వాడు. ఆ మాట నిజమే అనిపించేటట్టు ఉండడం ఆమె ఖర్మ.

ప్రతి శివరాత్రికి వాళ్లంతా కీసర జాతరకు పోతారు. కృష్ణమ్మ పుట్టిల్లు కీసర. భూపాల్ కారులో తల్లి ముందు సీట్లో, కల్పన, మరదలు, పిల్లలు వెనక ఇరుక్కుని పోయి, గుట్ట ఎక్కి, దర్శనం చేసుకుని, కింద పిల్లలకు మిరపకాయ బజ్జీలు కొనిచ్చి వస్తారు. ఈ ఫిబ్రవరిలో కల్పన ఉపవాసముండి, తలస్నానం చేసి, చీర కట్టుకుని పొద్దున ఆరింటి నుంచి కూర్చుంది. కారు రాలేదు. పదింటికి ఫోన్లో భూపాల్ పెట్టిన ఫోటో చూసింది. గుట్ట మెట్ల మీద అందరూ ఉన్నారు. అమ్మ కూడా ఉంది. కల్పన బాత్రూములోకి పోయి నల్లా తిప్పి ఏడ్చింది. చిన్నప్పటి నుంచి తప్పని జాతర అది. తనను బయటిదాన్ని చేశారని ఆమెకు గుండె కోసినట్టయింది.

సాయంత్రం తల్లి ఫోన్ చేసింది.

"బంజెయ్యవే గా సదువు. తమ్మునికి నిద్ర పడ్తలేదు."

"నేను సదివితే వానికి నిద్రెందుకు పడదమ్మా?"

"ఏమోనే. నువ్వు కేసేస్తవంటుండు."

"నేనంటినా?"

"అనలే. గని లా సదివెటోళ్లు ఇంకేం జేస్తరని అంటుండు. నడుమల నా పాణం పోతుంది."

ఇక ఆమెకు చాలనిపించింది. నత్త, రెండు మార్కులు, స్టిక్కరు, మోరీ నీళ్లు, ఇప్పుడు ఇది. ఎవరి కోసం, దేని కోసం? కాగితం కింద పేరు పడితే ఏమిటి, పడకపోతే ఏమిటి? పరీక్షలకు ఇంకో రెండు వారాలున్నాయి. ఆమె కాగితం తీసి, ప్రిన్సిపాల్ గారికి, కుటుంబ కారణాల వల్ల కోర్సు విరమించుకుంటున్నాను, నా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇప్పించగలరు అని రాసింది. శనివారం పట్టుకుపోయింది. ఆఫీసులో క్లర్కు దాన్ని పైనుంచి కిందికి చూశాడు.

"ఇట్ల కాదమ్మా. దీనికి ఫార్మాట్ ఉంటది. ఫార్మాట్‌ల రాసి తీసుకరండి. ప్రిన్సిపాల్ సార్ కూడ సోమారమే వస్తరు."

సగం ఉప్పల్‌కు ఫార్మాట్లు రాసిపెట్టే మనిషికి అతను ఫార్మాట్ నేర్పాడు. మానేయడానికి కూడా చేతగాకుండా పోయానని కల్పనకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బయటికి వచ్చి తమ్ముడికి ఫోన్ చేసి, మానేస్తున్న, ఇగ కడుపునిండ నిద్రపో అంది.

"మంచి పని చేసినవక్కా" అన్నాడు భూపాల్, గొంతులో బెల్లం పాకం కారుతుంటే. "రేపు అమ్మను తీసుకొని వస్త. చిన్న పనున్నది."

ఆదివారం పదకొండింటికి వచ్చారు. మరదలు పంపిన చీర, రెండు కిలోల సంత్రాలు, ఒక ప్లాస్టిక్ ఫోల్డరు. కృష్ణమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. తిరుపతి సంత్రాలు లోపల పెట్టి, బావమరిదికి టీ ఇచ్చి, గుమ్మం దగ్గర నిలబడ్డాడు. భూపాల్ ఫోల్డరు తెరిచి స్టాంపు పేపర్లు బయటికి తీశాడు. ఇంటి మీద హక్కు వదులుకుంటున్నట్టు అక్కాచెల్లెళ్లు రాసిచ్చే విడుదల పత్రం.

కల్పనకు ముందు కోపం రాలేదు. అడిగితే ఎప్పుడో పెట్టేది సంతకం. ఆ ఇంట్లో తనకొక భాగం ఉందని ఆమె ఎన్నడూ లెక్కలోకి తీసుకోలేదు. కాని అడుగున చూసింది. రాసింది ఉప్పల్‌లోనే, వాళ్ల షాపుకు నాలుగు షట్టర్ల అవతలి రైటరు.

"మా షాపుల రాపియ్యకపోతివి?"

"నీకెందుకు తిప్పలని" అన్నాడు భూపాల్ సంత్రా వలుస్తూ.

పదిహేడేళ్లలో ఆ ఇంటి కాగితం ప్రతిదీ ఆమె చేతి మీద నడిచింది. తండ్రి చావు సర్టిఫికెట్టు నుంచి భూపాల్ కారు లోను దాకా. ఇప్పుడు తనకు తెలియకుండా రాయించుకొచ్చాడు. అది మనసులో ముల్లులా గుచ్చుకుంది. అయినా పెన్ను తీసుకుంది. సంతకం పెట్టబోయే ముందు కాగితం చదవడం ఆమెకు అలవాటు, చదవకుండా చెయ్యి కదలదు. చదివింది.

రాసిచ్చేవాళ్లు ఇద్దరు. ఒకటి, కృష్ణమ్మ. రెండు, కల్పన. రెండో పేజీ మధ్యలో ఉంది ఆ ముక్క: "మా వివాహ సమయమున మాకు రావలసిన భాగము బంగారము మరియు నగదు రూపమున పూర్తిగా ముట్టినందున, సదరు ఆస్తియందు మాకు ఎట్టి హక్కు లేదని ఇందుమూలముగా ఒప్పుకొనుచున్నాము."

ఈ వాక్యం ఆమెకు కొత్త కాదు. వందలసార్లు టైపు చేసింది. కాదు, టైపు కూడా చేయలేదు. షాపు కంప్యూటర్లో అది ఎప్పుడూ తయారుగా ఉంటుంది, పేర్లూ హద్దులూ మారిస్తే చాలు. అన్నదమ్ములు అక్కాచెల్లెళ్లను కారులో తీసుకొస్తారు, కొత్త గాజులు, కొత్త చీర, హోటల్లో బిర్యానీ. ఆ ఆడవాళ్లు బెంచీ మీద కూర్చుని, చూపించిన చోట సంతకం పెట్టి పోతారు. ఒక్కరినైనా నీకు ముట్టిందా అమ్మా అని ఆమె తలెత్తి అడగలేదు. పార్టీ పక్క షాపుకు పోతాడు కదా. ఇప్పుడు ఆ వాక్యంలో తన పేరు చూసి ఆమెకు సిగ్గేసింది, ఒళ్లంతా సిగ్గేసింది.

పైగా రాసినవాడి తెలివి చూడండి. కృష్ణమ్మ ఆ ఇంటి కూతురు కాదు, కోడలు. మొగుడి ఆస్తిలో ఆమె భాగం ఆమెకు పెళ్లిరోజే ముట్టిందట. కాపురానికి రాకముందే మొగుడు పోయినట్టు లెక్క.

"తమ్మి, ఈ ముక్క తీపియ్యి. పెడ్త" అంది కల్పన.

"ఏ ముక్క?"

"నాకు ముట్టిందన్న ముక్క. నా పెండ్లికి నాయిన దవాఖానల ఉండె. పుస్తెలు తప్ప ఏం బెట్టిన్రు? నాకు భాగమున్నది, ప్రేమతోటి తమ్మునికి ఇడిసిపెడుతున్న అని రాపియ్యి. ఇప్పుడే, ఈన్నే పెడ్త."

భూపాల్ సంత్రా తొన పట్టుకుని ఆగిపోయాడు. "గట్లెట్ల రాస్తరక్కా. ఉన్నదని ఒప్పుకున్నట్టయితది గదా."

"ఉన్నది గదా?"

"ఉన్నదని ఎవరన్నరు?"

"లేకపోతే నా సంతకం దేనికిరా?"

 ఆమెకే ఆ ప్రశ్న తన నోటి నుంచి ఎట్లా వచ్చిందో తెలియదు. జీవితంలో మొదటిసారి ఒక కాగితం చూసి, దీన్ని ఎట్లా నడిపించాలి అని కాకుండా, ఇది నిజమా అని అడిగింది. భూపాల్ మొహం ఎర్రబడింది.

"సూసినవా అమ్మా, నేను జెప్పలే? మానేసిన అన్నది. మూడు నెలల సదువే ఇంత మాట్లాడిస్తుంది."

"ప్రేమతోటి ఇస్తనంటున్న గదరా. అది కూడ రాయనియ్యవా?"

"నీ ప్రేమ వద్దు, దానం వద్దు. నీది లేదని రాసియ్యి, సాలు."

ఆ మాటతో కల్పన పెన్ను కింద పెట్టేసింది. ఇల్లు పోతే పోనీ, తమ్ముడికి తన ప్రేమ కూడా అక్కర్లేదన్న మాట ఆమెకు తట్టుకోలేని మాట.  గోడకు ఆనుకున్న కృష్ణమ్మ అడిగింది.

"అండ్ల నా పేరెందుకున్నదిరా?"

"నీదేమున్నదమ్మా. వేలెయ్యాలె, అంతే" అన్నాడు భూపాల్, ఫోల్డరు మూస్తూ.

కృష్ణమ్మ తన బొటనవేలి వంక చూసుకుంది. భూపాల్ లేచి చెప్పులేసుకున్నాడు, అమ్మా నడువు అన్నాడు. ఆమె లేవలేదు. "నేను నాలుగొద్దులుండి వస్త" అంది. వాడు మెట్లు దిగిపోయాడు. కింద కారు తలుపు ఎంత గట్టిగా వేశాడో హనుమాండ్లు బయటికి వచ్చి చూశాడు.

ఆ మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు కృష్ణమ్మ ఎన్నడూ చెప్పని సంగతి చెప్పింది. ముప్పై ఏళ్ల కింద, తన తండ్రి పోయిన ఏడాది, కీసర నుంచి ఆమె అన్నలిద్దరూ జీపు తెచ్చారు. ఆకుపచ్చ చీర పెట్టారు. ఏదో ఆఫీసుకు తీసుకుపోయి వేలు వేయించారు. తర్వాత హోటల్లో పూరీ తినిపించి ఇంటి దగ్గర దించారు. చీర బాగుండింది. ఆ పూరీ రుచి కూడా గుర్తుంది.

"గా కాగితంల ఏం రాసిన్రో నాకిప్పటికి తెల్వదు. అడుగుదామంటే అన్నలు పోయిన్రు. నువ్వు తీపిస్తవా?"

"నువ్వు గూడనా అమ్మా" అంది కల్పన విసుగ్గా. "హనుమాండ్లు మామ నోటీసు, నీ కాగితం. నన్ను మానెయ్యమన్నదే నువ్వు."

"తీపిస్తవా లేదా?"

సోమవారం ఆమె ఫార్మాట్ పట్టుకుని కాలేజీ ఆఫీసుకు పోవలసింది. పోలేదు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో పాత కాగితాల నకలు కోసం దరఖాస్తు పెట్టి, కీసర తాత పేరు మీద వెతికించింది. పదిహేడేళ్లుగా ఆ ఆఫీసు మెట్లు ఎక్కి దిగిన మనిషి కాబట్టి గురువారానికి నకలు చేతికొచ్చింది. ఇంటికి తెచ్చి, స్టవ్ కట్టేసి, తల్లి ముందు కూర్చుని చదవడం మొదలుపెట్టింది. కీసర గ్రామ శివారులోని భూమి, సర్వే నంబరు, హద్దులు. కృష్ణమ్మ తల ఊపింది. ఆ హద్దులు ఆమెకు తెలుసు, ఆ గట్ల మీద నడిచింది. తర్వాత కల్పన గొంతు ఆగింది. అదే వాక్యం. ముప్పై ఏళ్ల కింద కూడా అదే వాక్యం.

"ఆగినవేందే? సదువు."

"నీ పెండ్లప్పుడు నీ భాగం బంగారం రూపంల నీకు పూర్తిగ ముట్టిందని రాసున్నదమ్మా."

"ఎవరికి?"

"నీకు."

 "నా పెండ్లికి కాళ్ల కడియాలు గూడ మా మేనత్తయి అడిగి తెచ్చిన్రు. తెల్లారి తిరిగిచ్చిన్రు" అంది కృష్ణమ్మ. గొంతు పెంచలేదు. "గా బంగారమేదే?"

 కల్పన చివరి పేజీ చదివింది. ఈ పత్రమును నాకు చదివి వినిపించగా, విని, సరియని ఒప్పుకొని, వేలిముద్ర వేసితిని.

"ఎవరు సదివిన్రు నాకు?" అంది కృష్ణమ్మ. "పూరీ తిందువు పా అన్నరు."

నకలు కాగితం మీద, మూలంలోని వేలిముద్ర నల్లటి మరకలా పడింది. కృష్ణమ్మ దాన్ని దగ్గరగా పెట్టుకుని చూసింది. తర్వాత ఫోన్ కలపమంది. భూపాల్ ఎత్తాడు.

"నేనేరా, అమ్మను. నీ కాగితానికి వేలేస్త. ఎయ్యనంటలేను. గని అక్క లా సదువు అయిపోయినంక, ఆమె ఒక్కొక్క ముక్క సదివి చెప్పినంక ఏస్త. గప్పటిదాక గా బిల్డరును ఆగమను."

అవతల భూపాల్ అరుపు కల్పనకు కూడా వినిపించింది. మూడేండ్లమ్మా, ఎవడాగుతడు అంటున్నాడు. అక్క మానేసింది గదా అంటున్నాడు. కృష్ణమ్మ కూతురి మొహంలోకి చూస్తూనే ఫోన్లో చెప్పింది.

"మానెయ్యలే."

ఫోన్ పెట్టేసింది. కల్పన లేచి నిలబడింది. "నన్నడగకుండ చెప్తివేందమ్మా? అదంత అల్కగున్నదా? ఇంగ్లీషుల ఉంటది. ఇరవైకి రెండు మార్కులొచ్చినయి నాకు. వారమైతే పరీక్షలు. నేనెట్ల చేస్త?"

అరుస్తూనే ఏడ్చింది. మూడు నెలలుగా దిగమింగుకున్న ఏడుపంతా ఒకేసారి బయటికొచ్చింది. తిరుపతి వచ్చి గుమ్మంలో నిలబడి, ఏం చేయాలో తెలియక మంచినీళ్ల గ్లాసు పట్టుకున్నాడు. కృష్ణమ్మ కదలలేదు. కూతురి ఏడుపు అయ్యేదాకా ఆగింది. తర్వాత నకలు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నడుముకు దోపుకుంది.

"ఎట్లనన్న జెయ్యి" అంది. "గని ఫెయిలు గాకు. నాకు డెబ్బైకొస్తున్నయి."

కల్పన మొహం కడుక్కుని వచ్చి, బ్యాగులోంచి కాంట్రాక్టు పుస్తకం తీసి, మొదటి పేజీ నుంచి మళ్లీ మొదలుపెట్టింది.